మా అమ్మ తిట్టిన బ్యాంకు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే మనిషికి కొంచెం వయసుండాలి. నాకింకా ముప్ఫై నిండలేదు కాబట్టి ఆ మాట నా నోట వింటే మా అమ్మ పకపకా నవ్వుతుంది. అయినా మొదటి ఉద్యోగం చేసిన రోజులు ఎవరికైనా ‘ఆ రోజులే’. గడిచి నాలుగేళ్ళయినా నలభై ఏళ్ళయినా, అప్పటి మనల్ని తల్చుకుంటే ఎవరో దూరపు చుట్టాన్ని తల్చుకున్నట్టే ఉంటుంది. ఆ రోజుల్లో నాకు తెలియనిదేదీ ఈ లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, నందిగామలో ఒక డాక్టరమ్మ నడిపే రక్తపరీక్షల ల్యాబులో చేరాను. పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కడం, సాయంత్రం మళ్ళీ బస్సెక్కి ఇంటికి రావడం. మధ్యలో జనం చేతుల్లోంచి రక్తం తీసి మిషన్లో పెట్టి, వచ్చిన రిపోర్టు కవర్లో పెట్టి ఇవ్వడం. కవరు అందుకునేవాళ్ళు ముందు నా ముఖంలోకి చూసేవారు. నేను కళ్ళజోడు సర్దుకుని, “డాక్టర్‌గారికి చూపించండి” అని గంభీరంగా అనేదాన్ని. (రిపోర్టులో అన్నీ సరిగ్గా ఉన్నా అలాగే అనేదాన్ని. కొత్త ఉద్యోగానికి ఆ మాత్రం గాంభీర్యం లేకపోతే ఎలా?)

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మెడకి టై బిగించుకుని చెమటలు కక్కుతున్న ఒకాయన మా ల్యాబులోకి వచ్చి మంచినీళ్ళడిగాడు. నీళ్ళు తాగి వెళ్ళిపోతే ఈ కథ లేదు. ఆయన నీళ్ళు తాగి, చల్లగా కూర్చుని, మేం జీతగాళ్ళమని తెలుసుకుని, క్రెడిట్ కార్డుల సంగతి ఎత్తాడు. “మేడమ్, జీవితాంతం ఫ్రీ. రూపాయి కట్టక్కర్లేదు. పైగా లంచ్ బ్యాగు కూడా ఫ్రీ” అన్నాడు. అప్పటిదాకా నన్ను ‘మేడమ్’ అన్నవాళ్ళంతా సూది భయంతో అన్నవాళ్ళే. ఏ భయమూ లేకుండా అన్న మొదటి మనిషి ఆయన. వెంటనే ఒప్పుకున్నాను. డ్యూటీలో మా ఫోన్లన్నీ డాక్టరమ్మ సొరుగులో ఉండాలన్నది నియమం. అందుకని ఎప్పుడు చేసినా ఎత్తేవాళ్ళుండాలని ఇంట్లో ఉన్న మా అమ్మ నంబరు ఇచ్చాను. మెయిల్ ఐడీ నేను ఒక్కో అక్షరం చెబుతుంటే ఆయన తన చేతిలో ఉన్న ట్యాబులో కొట్టుకున్నాడు. సరిగ్గా కొట్టాడా లేదా అని నేను చూడలేదు. నా చూపంతా లంచ్ బ్యాగు మీదే ఉంది. నీలం రంగుది.

కార్డు పేటలో మా ఇంటికే వచ్చింది. మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంత పల్చటిదానికి అంత పెద్ద కవరా!” అని ఆశ్చర్యపోయి, బీరువాలో తన పెళ్ళి చీరల మడతల మధ్య దాచింది. నేను దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. నా దగ్గర కార్డుంది అని బస్సులో కూర్చున్నప్పుడు అనుకుంటే చాలు, కడుపు నిండిపోయేది.

అలా ఏడాది గడిచింది. ఈలోపు మా వీధిలో ఒకాయనకి ఎవరో ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం’ అని ఫోన్ చేసి, ఓటీపీ చెప్పించుకుని, ఖాతా ఊడ్చేశారు. వీధంతా గగ్గోలు. ఇలాంటప్పుడు చదువుకున్నదాన్ని నేను ఊరుకుంటే బాగుండదనిపించింది. ఒక ఆదివారం అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. “బ్యాంకు అని ఎవరు ఫోన్ చేసినా దొంగే. తియ్యగా మాట్లాడితే ఇంకా పెద్ద దొంగ. మన పేరు చెప్పినా నమ్మొద్దు, ఊరు చెప్పినా నమ్మొద్దు. పెట్టెయ్యండి, మెసేజ్ వస్తే తీసెయ్యండి, అంతే” అన్నాను. నాన్న సరేనని తలూపి తన ట్రాలీ ఆటో తుడుచుకోవడానికి వెళ్ళిపోయాడు. అమ్మ మాత్రం ప్రతి మాటా మనసుకి పట్టించుకుంది. ఫోన్ పెట్టేయమన్నాను గానీ, పెట్టేసేముందు ఏమీ అనొద్దని నేను చెప్పలేదు కదా.

కొన్నాళ్ళకి విజయవాడ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేయడం మొదలుపెట్టింది. నా పేరు చెప్పి, ఆవిడతో మాట్లాడాలండీ, బ్యాంకు నుంచి అంది. అమ్మ దీనికోసమే ఎదురుచూస్తున్నట్టు ఫోన్ స్పీకర్లో పెట్టింది. “ఏమ్మాయ్, మా అమ్మాయి పేరు కూడా కనుక్కున్నావా? తర్వాత ఓటీపీ అడుగుతావు, నేను చెప్పాలి, నువ్వు ఊడ్చుకుపోవాలి. అంతేగా?” అంది. “ఓటీపీ అడగట్లేదండి అమ్మగారూ, కార్డు బాకీ ఉంది, కట్టాలండి” అంది ఆ అమ్మాయి. “ఓహో, ఇది కొత్త పద్ధతా! కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయిగా, ఏదన్నా పని చేసుకు బతకరాదా?” ఈ సంభాషణలకి నెమ్మదిగా పేరొచ్చింది. ఫోన్ మోగితే పక్కింటావిడ కూడా చాటలో బియ్యంతో సహా వచ్చి మా గుమ్మంలో కూర్చునేది. సాయంత్రం నేను ఇంటికి రాగానే, “ఇవాళ మళ్ళీ ఆ దొంగపిల్ల చేసింది, కడిగేశా” అని అమ్మ చెప్పేది. “శెభాష్ అమ్మా, అలాగే ఉండాలి” అని నేను మెచ్చుకునేదాన్ని. రంజాన్ నెల వచ్చేసరికి అమ్మకి చిక్కొచ్చి పడింది. రోజా ఉండి నోరు పారేసుకోకూడదు. అందుకని ఆ నెలంతా గొంతు తగ్గించి, “చూడమ్మా, ఉపవాసంలో ఉన్నా కాబట్టి ఏమీ అనను. నీకు మంచి బుద్ధి కలగాలని, మంచి ఉద్యోగం దొరకాలని దువా చేస్తాలే. పెట్టేయ్” అనేది. అవతల ఆ అమ్మాయి “థాంక్సండి” అనేదట.

ఆ సంవత్సరమే నాన్న బండి మార్చాలనుకున్నాడు. ఆయనది మూడు చక్రాల ట్రాలీ ఆటో. పెనుగంచిప్రోలు చుట్టుపక్కల రైతుల దగ్గర మిరపకాయ బస్తాలు (మావైపు టిక్కీలంటారు) ఎక్కించుకుని పేటలో కోల్డ్ స్టోరేజీకి చేర్చడం ఆయన పని. బండి ముసలిదైపోయింది. సరుకు జోరందుకునేలోపు నాలుగు చక్రాల బండి తీసుకుంటే, ఒకే ట్రిప్పులో రెట్టింపు బస్తాలు వెయ్యొచ్చు. ఒక వ్యాపారి ఆ సీజను లోడంతా నాన్నకే ఇస్తానని మాట కూడా ఇచ్చాడు. లోనుకి నాన్న ఒక్కడి సంతకం చాలదు, జీతం వచ్చే మనిషి సంతకం కూడా కావాలన్నారు ఫైనాన్సు ఆఫీసులో. ఇంట్లో జీతం వచ్చే మనిషిని నేనే. ఆ సంతకం పెట్టిన రోజు నేను నడిచిన నడక తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆఫీసులో మా కాగితాలు చూసే ఆయన ఎప్పుడూ చంకలో ఫైలుతో తిరుగుతాడని మేం ‘ఫైలాయన’ అనేవాళ్ళం. “మేడమ్‌ది పక్కా జీతం కదండీ, ఇబ్బందేం ఉండదు” అన్నాడు ఫైలాయన.

నాలుగు రోజుల తర్వాత, నేనొక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతుంటే, ల్యాబు బయట నాన్న బండి చప్పుడు వినిపించింది. ఆ బండి నందిగామకి రావాల్సిన పని లేదు. తల తిప్పేలోపే ఘాటు ముక్కుకి తగిలింది. నాన్న టిక్కీలతో సహా వచ్చేశాడు. వరండాలో కూర్చున్న వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు తుమ్మడం మొదలుపెట్టారు. నాన్న ఆ తుమ్ముల మధ్యలోంచే, ఒక చేతిలో కొబ్బరిబోండాం, ఒక చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని లోపలికొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

“ఏమైందమ్మా నీకు? మాకెందుకు చెప్పలా?” అన్నాడు.

“నాకేమైంది నాన్నా?”

“ఫైలాయన ఫోన్ చేశాడు. నీ రిపోర్టు ఏం బాలేదంట. రెండుచోట్ల లేటు చేశామంట. ముందే చూసుకోవాల్సింది, ఇప్పుడు మా చేతుల్లో ఏం లేదండీ అన్నాడు.” అంటూనే బ్రెడ్డు ప్యాకెట్టు నా పక్కన పెట్టాడు.

ఒక్క క్షణం నేనూ నమ్మేశాను. ఆ వారమే మిషను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి నా రక్తమే పెట్టి చూశాను. తుమ్ముల గోలకి బయటికొచ్చిన డాక్టరమ్మ అంతా విని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, “ఆ ఫైలాయన ఏ ఆసుపత్రి డాక్టరు?” అని అడిగింది. “డాక్టరు కాదండి, ఫైనాన్సు” అన్నాడు నాన్న. డాక్టరమ్మ కొంగు కాస్త తప్పించి, “అది అప్పుల రిపోర్టయ్యా! మీ అమ్మాయికి ఏ జబ్బూ లేదు” అని కుర్చీ చూపించింది. నాన్న కూర్చున్నాడు. నాకోసం తెచ్చిన కొబ్బరిబోండాం తనే గటగటా తాగేశాడు. రబ్బరు పట్టీ కట్టించుకున్న పెద్దాయన, “అమ్మా, నా చెయ్యి తిమ్మిరెక్కుతోంది” అని గుర్తుచేశాడు.

బోండాం అయిపోయాక నాన్న నెమ్మదిగా అడిగాడు: “అయితే, నువ్వు ఎవరికైనా బాకీ ఉన్నావా తల్లీ?”

“ఎవరికీ లేను నాన్నా” అన్నాను. నిజంగానే అలా అనుకుంటున్నాను.

మర్నాడు సెలవు పెట్టి ఫైనాన్సు ఆఫీసుకి వెళ్ళాం. ఫైలాయన ఫైలు తెరిచి చూపించాడు. రోజూ నేను ఇచ్చే రిపోర్టుల్లాగే ఉంది అదీ. ఫలానా నెల సక్రమం, ఫలానా నెల సక్రమం, ఆఖరి రెండు నెలల దగ్గర మాత్రం ఆలస్యం. “క్రెడిట్ కార్డు మేడమ్. ఫీజు కట్టలేదు” అన్నాడు. “నేను దాన్ని ఒక్కసారి కూడా గీకలేదండీ!” అన్నాను. “అదే మేడమ్ వచ్చిన చిక్కు. ఏడాదికి ఒక్కసారన్నా గీకితేనే ఫ్రీ అంట. గీకకపోతే ఫీజు పడిద్ది. ఫీజు కట్టకపోతే లేటు ఫీజు, దాని మీద వడ్డీ. మరి వాళ్ళు మీకు ఫోన్ చెయ్యలేదా?” నేనూ నాన్నా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకేసారి అమ్మ గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చి బీరువాలోంచి కార్డు తీసి, దాని వెనకున్న నంబరుకి చేసి అడిగితే, బాకీ ఉన్నమాట నిజమేననీ, ఫోన్లు చేస్తున్నది తమవాళ్ళేననీ చెప్పారు.  “యా అల్లా, ఆ పిల్లని ఎన్ని మాటలన్నా!” అని అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. విజయవాడ అమ్మాయి నంబరుకి అమ్మ ఫోన్ నుంచే చేశాను. ఎత్తగానే నేను నోరు విప్పకముందే, “అమ్మగారూ, ఇవాళ నేను చెయ్యలేదండి, మీరే చేశారు” అంది గబగబా. నేను అమ్మని కాదు, అమ్మాయిని అని చెప్పాను. “మీరా మేడమ్! దొరికారా!” అని ఆ అమ్మాయి ఎంత సంతోషపడిందంటే, తప్పిపోయిన చుట్టం కనపడ్డా అంత సంతోషపడరు. అమ్మ ఫోన్ లాక్కుని క్షమించమంది. “పర్లేదండి. మిగతావాళ్ళు అనే మాటల ముందు మీవేం లెక్కండి? మీరు దువా చేస్తానన్నారు, అలా ఎవరంటారు? నిజంగా చేశారా అండీ?” అని అడిగింది. చేశానంది అమ్మ. (చేసింది. నేను సాక్షిని.)

ఇక్కడితో బాకీ కట్టేస్తే సరిపోయేది. ఆ అమ్మాయీ అదే చెప్పింది: “ముందు కట్టేసి, తర్వాత కంప్లైంట్ పెట్టండి మేడమ్. కట్టకుండా పెడితే వచ్చే నెల ఇంకో లేటు పడుద్ది.” ఫైలాయన అదే అన్నాడు. డాక్టరమ్మా అదే అంది. నేను మాత్రం ససేమిరా అన్నాను. జీవితాంతం ఫ్రీ అని చెప్పి ఏడాదికే ఫీజు వేస్తారా? వాడని కార్డుకి నేను కడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదా? “ఇది డబ్బు గురించి కాదు నాన్నా, న్యాయం గురించి” అన్నాను. నాన్న, “న్యాయం సరే తల్లీ, అక్కడ బండి క్లచ్చి పోయింది” అన్నాడు. నేను వినలేదు. తెల్ల కాగితాలు కొనుక్కొచ్చి బ్యాంకుకి పెద్ద ఉత్తరం రాశాను. పేరాకొక ‘ఇందుమూలముగా’ వేశాను. వినియోగదారుల హక్కులు, టై కట్టుకున్నాయన తాగిన మంచినీళ్ళు, నా నిజాయితీ, అన్నీ వచ్చాయి అందులో. రాసింది బస్సులో నా పక్కన కూర్చునే టీచరమ్మకి చదివి వినిపిస్తే, “చాలా బాగుంది, కట్టెయ్” అంది. జవాబు వచ్చేదాకా రూపాయి కట్టనని భీష్మించుకున్నాను. కట్టాల్సిన తేదీ వచ్చింది, వెళ్ళిపోయింది. ఆ రోజు నేను చాలా గర్వంగా అన్నం తిన్నాను.

తర్వాత వారం సాయంత్రం బస్సులో వస్తున్నాను. కిటికీ పక్కన సీటు. హైవే మీద, పేటకి ఇంకా కొంత దూరం ఉందనగా, రోడ్డు వారన ఆగిపోయిన ట్రాలీ ఆటో కనిపించింది. పైన టిక్కీలు కొండలా ఉన్నాయి. వెనక నుంచి ఇద్దరు తోస్తున్నారు, ముందు ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, భుజంతో తోస్తున్నది నాన్న. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. బస్సు పక్కనుంచి పోతుంటే ఆయన తలెత్తలేదు. నేను ఆపండి అని అరిచేలోపు బస్సు దాటిపోయింది.  దిగగానే బస్టాండులోనే ఒక మూల నిలబడి, లేటు ఫీజుతో వడ్డీతో సహా మొత్తం ఫోన్లోంచి కట్టేశాను. నాన్న ఇంటికి వచ్చాక, “ఇవాళ ఆలస్యమైందేం?” అని అమ్మ అడిగితే, “దారిలో చిన్న పని పడింది” అన్నాడు. కట్టేశానని నేను చెప్పాను. “మంచిదమ్మా” అన్నాడు. ఆ మాట తప్ప ఇంకేదన్నా అనుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

కట్టేశాక ఆ అమ్మాయి చెప్పిన దారిలో, ‘ఇందుమూలముగా’లు లేకుండా, కంప్లైంట్ పెట్టాను. బ్యాంకు వాళ్ళు వెతికితే తేలింది: నా మెయిల్ ఐడీలో ఒక అక్షరం తప్పు పడింది. ఏడాది పైగా బ్యాంకు పంపిన మెయిళ్ళన్నీ, బిల్లులతో సహా, ఎవరో నాకు తెలియని మనిషికి పోతున్నాయి. (ఆ మనిషైనా ఒక్కసారి, ఇదెవరిదో అనుకోలేదు పాపం.) పొరపాటు తమదేనని ఒప్పుకుని, లేటు ఫీజూ వడ్డీ వెనక్కిచ్చారు. మొదటి రెండు నెలల ఆలస్యాన్ని రిపోర్టులో సరిచేయించారు. మూడోది మాత్రం మార్చలేమన్నారు. బాకీ సంగతి నాకు తెలిశాక, నేను తెలిసీ కట్టని నెల అది. అది నా సొంత సంపాదన. చదవగానే మళ్ళీ తెల్ల కాగితాల కోసం చెయ్యి సాచాను. నాన్న పేపరు మీదుగా ఒక్కసారి నావైపు చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఈ దిద్దుబాట్లు అయ్యేసరికి నెల దాటింది. మాట ఇచ్చిన వ్యాపారి పాపం కొన్నాళ్ళు ఆగి, లోడు వేరేవాళ్ళ బండికి ఇచ్చేశాడు. లోను వచ్చేసరికి సీజను చివరికొచ్చింది. “ఒక్క లేటేగా మేడమ్, మావాళ్ళు ఒప్పుకున్నారు. కాకపోతే వడ్డీ కొంచెం ఎక్కువ వేశారు” అన్నాడు ఫైలాయన, నా ముఖం చూడకుండా ఫైలు సర్దుకుంటూ. కొత్త బండిలో నాన్న ఎక్కించుకున్న మొదటి లోడు మిరపకాయలు కాదు. కీసరకి ఇల్లు మారుతున్న ఒకళ్ళ మంచం, బీరువా, రెండు మేకలు. వచ్చాక మేకలు బండిలో చేసిన నిర్వాకం కడుగుతూ కూడా ఆయన ఈల వేశాడు. ఆ సీజను పోయిందన్న మాట మా ఇంట్లో ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు.

అమ్మకి మాత్రం మధ్యాహ్నాలు పొద్దుపోక, ఒకరోజు తనే విజయవాడ అమ్మాయికి ఫోన్ చేసింది. ఎవరో కొత్త గొంతు ఎత్తి, ఆవిడ మానేసిందండి అంది. అమ్మ ఫోన్ పెట్టేసి, “నా దువా ఫలించినట్టుంది, మంచి ఉద్యోగం దొరికుంటది” అంది. పక్కింటావిడకి కూడా ఆ కబురు చెప్పి వచ్చింది.

బండి వాయిదాలు ఈమధ్యే అయిపోయాయి. ఇప్పుడు నేనొక స్కూటీ తీసుకుందామని, పోయిన వారం నా రిపోర్టు నేనే ఫోన్లో తీసి చూసుకున్నాను. అందులో గడిచిన మూడేళ్ళ నెలలే కనిపిస్తాయి, అంతకు ముందువి వాటంతటవే జారిపోతాయి. అన్ని నెలలూ సక్రమం. ఆ ఒక్క ఆలస్యం ఎక్కడా లేదు. సంతోషపడాల్సిన విషయమే. అయినా స్క్రీను కిందికీ పైకీ జరిపి ఇంకోసారి వెతికాను. న్యాయం కోసం బ్యాంకు మీదికి తెల్ల కాగితాలతో వెళ్ళిన ఆ మొండిపిల్ల అక్కడ కూడా లేదు. ఎలాగూ ఫోన్ చేతిలోనే ఉంది కదా అని, గడువుకి ఇంకా చాలా రోజులున్నా ఇప్పుడు నేనూ గీకుతున్న కార్డుకి ఈ నెల బిల్లు కట్టేశాను. అప్పటి నేనైతే, అందులో వేసిన ప్రతి రూపాయీ న్యాయమైనదేనా అని ముందు నిలదీసేది. నేను చూడను కూడా లేదు.